గేనర్ చేసిన ఫోను

చేపల ఫ్యాక్టరీలో పనిచేసే ఆడవాళ్ల చేతుల వాసన ఎన్ని సబ్బులు అరగదీసినా పోదు. గేనర్ పెచ్‌కి పదహారేళ్లు నిండీ నిండకుండానే ఆ వాసన పట్టుకుంది. బడి మానేసి తల్లి పక్కన, కాడ్ చేపల ముళ్లు తీసే బల్ల దగ్గర నిలబడిన నాటినుంచి బస్సులో ఆమె పక్కన కూర్చున్నవాళ్లు కాస్త ఎడంగా జరిగేవారు. స్కెల్బీ రేవులో ఆ ఏడు వేటపడవలు సగానికి సగం కట్టేసే ఉన్నాయి. తండ్రి కిటికీ దగ్గరి కుర్చీకి అతుక్కుపోయాడు. నిరుద్యోగ భృతి తెచ్చుకోవడానికి తప్ప గడప దాటడు. తల్లి ఇంటికొచ్చేసరికి మాట్లాడే ఓపిక ఉండదు. ఇక ఇంట్లో నోరు విప్పేది అన్న లెనీ ఒక్కడే. పద్దెనిమిదేళ్లవాడు. వాడు నోరు విప్పితే ఫుట్‌బాలే.

అలాగని మైదానంలో బంతి వెంట పరిగెత్తే ఆట గురించి కాదు. స్కోరు ఎంతన్నది వాడికి ఆఖరి సంగతి. ఈ శనివారం ఏ ఊరు వెళ్తున్నాం, స్టేషన్లో ఎవరు ఎదురొస్తారు, పోయినసారి తోకముడిచింది ఎవరు, ఈసారి ఎవరి మూతి పగలాలి, ఇవీ వాడి కబుర్లు. వాళ్ల ముఠాకి పెద్ద రాయిస్ హాలమ్. ఇళ్ల కప్పులకు పలకలు పరిచే పని అతనిది. ఇరవైనాలుగేళ్లుంటాయి. ఇస్త్రీ నలగని చొక్కా వేసేవాడు. గొంతు ఎప్పుడూ పెంచేవాడు కాదు. అతను మెల్లగా మాట్లాడుతుంటే చుట్టూ ఉన్నవాళ్లు తామే ఊపిరి బిగబట్టి వినేవారు.

గేనర్ ఇందులోకి వచ్చింది అనుకోకుండా. శరదృతువులో ఒక శనివారం, ఇంట్లో ఊపిరాడనట్టనిపించి, నేనూ వస్తానంటూ లెనీ వెంటపడింది. పొరుగూరి బస్టాండులో దిగగానే పోలీసులు కుర్రాళ్లందర్నీ గోడకి నిలబెట్టి జేబులు తడుముతున్నారు. "నువ్వు వెళ్లమ్మా, అడ్డం జరుగు" అని ఆమెను మాత్రం వదిలేశారు. వీధి మలుపులో రాయిస్ ఆమె చేతిసంచీ తీసుకుని, అడుగున లెనీ కుక్కిన కాగితపు పొట్లం విప్పాడు. తివాచీలు కోసే బ్లేడు కత్తులు మూడు. అవి అక్కడున్నట్టు గేనర్‌కి అప్పటిదాకా తెలియదు.

"చెయ్యి కూడా వణకలేదే నీకు," అన్నాడు రాయిస్. "లెనీ, నీ చెల్లెలు నీకంటే గట్టిది రా."

సంచీలో ఏముందో తనకి తెలియదని గేనర్ చెప్పలేదు. రాయిస్ అన్న మాట ఆమెను వదల్లేదు. వారమంతా చేపల బల్ల దగ్గర దాన్నే తలుచుకుంది. ఆ తర్వాత ప్రతి ప్రయాణంలోనూ బస్సు వెనక సీట్లో ఆమెకంటూ ఒక చోటు అట్టేపెట్టేవారు. అక్కడ ఎవరూ ఎడంగా జరగలేదు. వాళ్లలో సగంమంది రేవులో పుట్టినవాళ్లే, అందరిదీ అదే వాసన.

కత్తులు చూసినప్పుడల్లా మొహం కిటికీ వైపు తిప్పుకునేది. వాటితో ఎవరినీ కోయరని, చూపించి బెదిరిస్తారంతేనని లెనీ చెప్పాడు. ఆమె నమ్మింది. నమ్మకపోతే మళ్లీ బస్సులో ముందు సీట్లో ఒంటరిగా కూర్చోవాలి.

జనవరిలో వార్డ్లీ ఊరితో ఆట పడింది. వార్డ్లీ ఉక్కు కొలిమిల ఊరు. కిందటేడు వాళ్లు రాయిస్‌ని సంత వీధుల్లో తరిమి తరిమి, గుర్రాలు నీళ్లు తాగే తొట్టిలో పడేశారు. ఆ సంగతి స్కెల్బీలో అతని ముందు ఎత్తే ధైర్యం ఎవరికీ లేదు. అతను మాత్రం మరిచిపోలేదు.

"ఆట మొదలయ్యే ముందు వాళ్లంతా ఏదో ఒక పబ్‌లో చేరతారు," అన్నాడు గేనర్‌తో. "ప్రతిసారీ పబ్ మారుస్తారు. మా మొహాలు వాళ్లకి తెలుసు. నీ మొహం తెలీదు. పొద్దున్న రైల్లో నువ్వు ముందు వెళ్లు. వాళ్ల జట్టు రంగులు, ఎరుపూ నలుపూ మఫ్లర్లు ఎటు పోతుంటే అటు పో. లోపల ఎంతమంది, ఎటు కూర్చున్నారు, వెనక తలుపుందా, అంతే చూడు. నేను అక్కడి బస్టాండు పక్కన కేఫ్‌లో ఉంటా. ఇదిగో దాని నంబరు, ఫోన్ చెయ్."

"చేశాక?"

"చేశాక ఇంటికెళ్లి టీ తాగు. తర్వాతది మా పని."

లెనీ పక్కనుంచి నవ్వాడు. "భయమైతే ఇప్పుడే చెప్పవే. అమ్మని పంపిస్తాం."

అందరూ నవ్వారు. గేనర్ కూడా నవ్వింది.

వార్డ్లీలో సన్నటి వాన పడుతోంది. స్టేషను బయట ఎరుపూ నలుపూ మఫ్లరు కట్టుకున్న ఇద్దరు కుర్రాళ్ల వెనక నడిచింది. వాళ్లు వెనక్కి చూసినప్పుడల్లా ఏదైనా దుకాణం అద్దం ముందు ఆగి, బొమ్మకి తొడిగిన కోటు ఖరీదు చదువుతున్నట్టు నిలబడేది. చివరికి వాళ్లు ఇటుకల గోడల సందులో ఒక పాత పబ్‌లోకి దూరారు. ఆమె కాసేపు తటపటాయించి, తలుపు తోసుకుని లోపలికెళ్లింది.

లోపల పొగ, తడిసిన కోట్ల ఆవిరి. పాతికమందికి పైనే కుర్రాళ్లు బిలియర్డ్స్ బల్ల చుట్టూ మూగి ఉన్నారు. గేనర్ ఎటు నిలబడాలో తెలియక గోడవారగా ఆగిందో లేదో, లావుపాటి ఆడమనిషి ఒకామె మోచేతిదాకా తడిచేతులతో ఆమె ముందుకొచ్చి నిలబడింది.

"వచ్చావా తల్లీ. ఎనిమిదింటికి రమ్మంటే ఇప్పుడా రావడం? షీలా వాళ్ల పెద్దమ్మాయివే కదూ? రా, రా. నిలబడితే పనవుతుందా?"

కాదని చెప్పాలి. చెబితే మరి ఎవరివి, ఇక్కడెందుకున్నావు అంటుంది. బిలియర్డ్స్ బల్ల దగ్గర ఒకడు అప్పటికే ఇటే చూస్తున్నాడు.

"అవునండీ," అంది గేనర్.

ఆమె పేరు బెరిల్. పబ్ నడిపేది ఆమే. వంటింట్లోకి లాక్కెళ్లి, ఏప్రన్ మెడలో వేసి, వెనక ముడి తనే బిగించింది. "వెనక గదిలో ఆల్బర్ట్‌ని పాతిపెట్టి వచ్చినవాళ్లున్నారు. వానలో రెండు గంటలు నిలబడ్డారు పాపం, అందరూ డెబ్బై దాటినవాళ్లే. వేడివేడిగా టీ పోసి, ఈ బ్రెడ్డు ముక్కల్లో హ్యామ్ పెట్టివ్వు. అంచులు కోసెయ్యి, వాళ్లకి పళ్లు లేవు." ఆ తర్వాత ముక్కు ఎగబీల్చి, "చేపల దగ్గర పనిచేస్తావా ఏంటి?" అంది.

గేనర్ చేతులు వెనక్కి పెట్టుకుంది.

"సిగ్గెందుకే? మా అమ్మా చేపలమ్మే మనిషే. నిమ్మకాయ రుద్దుకో, అదిగో."

వెనక గదిలో నల్లబట్టల ముసలివాళ్లు పదిహేనుమంది దాకా ఉన్నారు. టీ కప్పులు పళ్లేల్లో టకటకమని వణుకుతున్నాయి. మూలన కూర్చున్న పొట్టి ముసలమ్మ చనిపోయినాయన భార్య. గేనర్ పళ్లెం పట్టుకొస్తే ఆమె చెయ్యి పట్టుకుని, "నీ చేతులు ఎంత చల్లగా ఉన్నాయమ్మా, మంట దగ్గర కూర్చో కాసేపు," అంది. ఆ గదిలోంచి పెరట్లోకి ఒక తలుపు ఉంది. పెరట్లోంచి సందులోకి చెక్క గేటు. గేటుకి గడియ పెట్టి లేదు. గేనర్ వద్దనుకుంటూనే అన్నీ చూసింది. చూడమన్నారు కాబట్టి చూసింది.

చక్కెర అయిపోయిందన్న మిషతో బయటికొచ్చి, రోడ్డవతల ఫోన్ బూత్‌లోకి దూరింది. నాణెం వేసే చీలిక రెండుసార్లు దొరకలేదు.

"చెప్పు," అన్నాడు రాయిస్ గొంతు.

చెప్పింది. సందు పేరు, పబ్ పేరు, ముందుగదిలో పాతిక ముప్పైమంది, వెనక పెరడు, గేటుకి గడియ లేదన్నదీ. ఒక్క గుక్కలో, చిన్నపిల్ల పాఠం అప్పజెప్పినట్టు చెప్పేసింది. అప్పుడు గుర్తొచ్చినట్టు, "కానీ ఇవాళ వద్దు రాయిస్. వెనక గదిలో చావు తాలూకు జనం ఉన్నారు. అందరూ ముసలివాళ్లు," అంది.

"వెనక గదిలోనా?"

"అవును. కర్రలు పట్టుకుని నడిచేవాళ్లు."

"అయితే మరీ మంచిది. సగంమందిని వెనకనుంచి పంపిస్తా. ముసలివాళ్లు అడ్డముంటే ఆ వెధవలు అటు పారిపోలేరు. శభాష్ పిల్లా. ఇంక ఇంటికెళ్లిపో."

ఫోను పెట్టేసిన చప్పుడు వచ్చింది. గేనర్ రిసీవరు చెవికి ఆనించుకునే నిలబడిపోయింది. బస్టాండు నుంచి ఇక్కడికి నడిస్తే ఎంతసేపు? పావుగంట. పరిగెత్తితే అంతకూడా పట్టదు. స్టేషను అటువైపుంది. వెళ్లిపోవచ్చు. ఇంటికెళ్లి టీ తాగమనే కదా అతను అన్నది. కానీ కోటు బెరిల్ వంటింట్లో మేకుకి వేలాడుతోంది. తను ఏప్రన్‌తో రోడ్డు మీద నిలబడి ఉంది. కోటు కోసమే వెనక్కి వెళ్తున్నానని తనకి తాను చెప్పుకుంటూ రోడ్డు దాటింది.

వంటింట్లో బెరిల్ పెద్ద కెటిల్ ఎత్తి పట్టుకుని ఉంది. "చక్కెరేదీ?"

"వాళ్లొస్తున్నారు," అంది గేనర్.

"ఎవరే?"

"స్కెల్బీ వాళ్లు. నలభైమంది. సగం వెనక గేటులోంచి. వాళ్ల దగ్గర కత్తులున్నాయి. నేనే ఫోన్ చేసి చెప్పాను. నేను షీలా వాళ్ల అమ్మాయిని కాదు."

బెరిల్ కెటిల్ కింద పెట్టింది. కొడుతుందనుకుంది గేనర్, కళ్లు మూసుకుంది. దెబ్బ పడలేదు. కళ్లు తెరిచేసరికి బెరిల్ వెనక గదిలో ఉంది. "లేవండి, లేవండి, అందరూ మేడ మీదికి. పైన మంట వేశా, ఇక్కడ పొగొస్తోంది," అంటూ ఒక్కొక్కర్నీ భుజం పట్టి లేపుతోంది. గేనర్ పెరట్లోకి పరిగెత్తి గేటు గడియ వేసింది. ఖాళీ పీపాలు రెండు దొర్లించుకొచ్చి దానికి ఆనించింది. ఆల్బర్ట్ భార్య మెట్లెక్కలేకపోతే వెనకనుంచి ఆమె నడుము పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కించింది. "పొగేం లేదే," అంటోంది ముసలమ్మ. "నాకేం వాసన రావట్లేదే."

బెరిల్ పోలీసులకి ఫోన్ చేస్తుంటే, ముందుగదిలో గ్లాసుకోసం వచ్చిన కుర్రాడొకడి చెవిన పడింది. అంతే. దాక్కోండి, తలుపులు వేసుకోండి అని బెరిల్ అరుస్తూనే ఉంది. వాళ్లు బిలియర్డ్స్ కర్రలు, స్టూళ్లు అందుకుని బయటికి తోసుకుపోయారు.

రాయిస్ మనుషులు మలుపు తిరిగేసరికి వార్డ్లీ వాళ్లు వీధి నిండా నిలబడి ఉన్నారు. గేనర్ ముందుగది కిటికీలోంచి చూసింది. నిద్రపోతున్నవాళ్ల మీద పడదామని వచ్చి, మెలకువగా ఉన్నవాళ్లను చూసినట్టుంది స్కెల్బీ వాళ్ల పరిస్థితి. ముందువరసలోవాళ్లు ఆగిపోయారు, వెనకవాళ్లు వాళ్లని నెట్టారు. అలా నెట్టుకొచ్చి పడ్డవాళ్లలో లెనీ ఒకడు. కర్ర వాడి దవడ మీద తగిలిన చప్పుడు అద్దంలోంచి కూడా వినబడింది. వాడు పక్కకి పడ్డాడు. ఎవరిదో బూటు. మరో బూటు. వాడు చేతులతో తల కప్పుకుని పబ్ వైపు తిరిగాడు. అద్దం వెనక, తెల్ల ఏప్రన్‌లో, గేనర్‌ని చూశాడు.

తలుపు ఆమెకి నాలుగడుగుల దూరంలో ఉంది. బెరిల్ ఆమెను పట్టుకోలేదు. ఎవరూ ఆపలేదు. కాళ్లు కదల్లేదు.

పోలీసు బళ్ల మోత వినబడ్డాక వీధి ఒక్కసారిగా ఖాళీ అయింది. లెనీని, ఇంకో ఇద్దర్ని అంబులెన్సు ఎక్కించారు. బెరిల్ గేనర్ కోటు తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

"పిలిచిందీ నువ్వే, చెప్పిందీ నువ్వే," అంది. "నిన్ను తిట్టాలో ఏం చెయ్యాలో నాకు తెలీడం లేదు. ఏప్రన్ అక్కడ పెట్టేసి, పెరట్లోంచి పో. మీవాళ్లకి ఫోన్ చేసిందెవరో ఇక్కడి కుర్రాళ్లకి నేను చెప్పను. మీవాళ్లకి ఏం చెప్పుకుంటావో నీ ఇష్టం."

లెనీ దవడ రెండుచోట్ల విరిగింది. పళ్లు బిగించి తీగలు కట్టి ఇంటికి పంపారు. స్ట్రాతో సూపు తాగడం, ముక్కుతో ఊపిరి పీల్చడం. గేనర్ సూపు తెస్తే తాగేవాడు, కానీ ఆమె వైపు చూసేవాడు కాదు. ఆమె గది దాటే వరకు గోడకేసి చూస్తూ ఉండేవాడు. వాడికి తెలుసని ఆమెకి తెలుసు. తండ్రి కుర్చీలోంచి, "అన్న వైపు ఆ టీవీ తిప్పవే," అనడం తప్ప ఏమీ అడగలేదు.

ఆ పై ఆదివారం రాయిస్ వచ్చాడు. కంటికింద నల్లగా కమిలి ఉంది. చొక్కా మాత్రం ఎప్పటిలాగే ఇస్త్రీది. లెనీ మంచం పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గేనర్‌ని కూడా కూర్చోమన్నాడు.

"మేం వెళ్లేసరికి వాళ్లు బయటికొచ్చి నిలబడున్నారు," అన్నాడు మెల్లగా. "వెనక గేటుకి పీపాలు అడ్డం పెట్టున్నాయి. ఎవరో చెప్పారు. నువ్వు ఫోన్ చేశాక ఎటు వెళ్లావు గేనర్?"

"స్టేషనుకి."

"నేరుగానా?"

"నేరుగా."

రాయిస్ లెనీ వైపు వంగాడు. "నువ్వు పబ్ ముందే కదరా పడ్డావు. నీ చెల్లెలు అక్కడేమైనా కనబడిందా?"

గేనర్ చేతులు ఒళ్లో బిగించుకుంది. లెనీ తీగల వెనకనుంచి పెద్దగా ఊపిరి పీల్చి, తల అడ్డంగా ఊపాడు. ఇంకోసారి ఊపాడు, నెమ్మదిగా.

రాయిస్ చాలాసేపు వాడి మొహంలోకి చూసి లేచాడు. "త్వరగా లేచి రా. నీ సీటు ఎవరికీ ఇవ్వం," అని వాడి భుజం తట్టి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత గేనర్‌కి ఎక్కడ చూసినా భయమే. ఫ్యాక్టరీ నుంచి వస్తుంటే వెనక అడుగుల చప్పుడు వినబడితే దుకాణంలోకి దూరేది. తలుపు ఎవరు కొట్టినా ఉలిక్కిపడేది. చెప్పేస్తే ఏం చేస్తారు, చెప్పకపోతే ఎప్పుడు తెలుస్తుంది, ఈ రెండింటి మధ్యా నిద్రపట్టేది కాదు. ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం రాయిస్ ఫ్యాక్టరీ గేటు దగ్గర కాచుక్కూర్చున్నాడు.

"వచ్చే శనివారం ఇంకో పని ఉంది నీకు. పోయినసారి లాంటిదే."

"నేను రాను."

"ఎందుకు?"

ఆమె ఏదో అబద్ధం చెబుదామనే నోరు తెరిచింది. "రాను," అనే మళ్లీ వచ్చింది.

రాయిస్ సిగరెట్టు కింద పడేసి తొక్కాడు. "అయితే నువ్వేనన్నమాట."

"ముసలివాళ్లున్నారని నీకు చెప్పాను," అంది గేనర్. "చెప్పినా విన్లేదు నువ్వు."

ఇప్పుడు కొడతాడనుకుంది. షిఫ్టు వదిలిన ఆడవాళ్లు గుంపులుగా వస్తున్నారు, వాళ్లలో తల్లి కూడా ఉంది. రాయిస్ అటు చూసి, గొంతు ఇంకా తగ్గించాడు. "నీ అన్న నాకు మొహమ్మీద అబద్ధం చెప్పాడు. మీ ఇంట్లోవాళ్లెవరూ ఇక మా కంటపడకండి."

మర్నాడు పొద్దున తలుపుకున్న ఉత్తరాల కంతలోంచి చేప తలకాయలు ఇంట్లోకి దోపారు. ఆ పై వారం కిటికీ అద్దం పగిలింది. తండ్రి ఏమీ అనకుండా లేచి, అట్టముక్క కొలిచి కోసి అతికించాడు. ఆ కుర్చీలోంచి ఆయన అలా లేవడం చూసి తల్లి వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకుంది. లెనీ స్నేహితులు రావడం మానేశారు. వీధిలో ఎదురైతే అటువైపు దాటిపోయేవారు. వాడికి ఇన్నాళ్లూ ఉన్న లోకమల్లా వాళ్లే.

మార్చిలో తీగలు విప్పారు. ఆ సాయంత్రం గేనర్ మెత్తగా ఉడికిన బంగాళాదుంప పట్టుకెళితే, వాడు గోడవైపు తిరగలేదు. దవడ అటూ ఇటూ ఆడించి చూసుకుంటున్నాడు.

"నిన్ను చూశా," అన్నాడు. మాట ముద్దముద్దగా వచ్చింది.

"తెలుసు."

"వాళ్లకి నువ్వే చెప్పావని అప్పుడే అర్థమైంది. అది కాదు." చెంచా చేతిలోకి తీసుకున్నాడు. "నన్ను తంతుంటే బయటికెందుకు రాలేదే?"

ఇన్ని వారాలుగా గేనర్ ఎన్నెన్నో జవాబులు కూడబెట్టుకుంది. ముసలివాళ్ల గురించి, రాయిస్ అన్న మాటల గురించి. వాడు అడిగినదానికి అందులో ఒక్కటీ పనికిరాలేదు.

"భయమేసింది లెనీ. కాళ్లు రాలేదు."

వాడు చెంచాతో దుంపని చిదిపాడు. "నాకూ వేసింది," అన్నాడు. "మలుపు తిరగ్గానే వేసింది. వెనకనుంచి నెట్టకపోయుంటే పారిపోయేవాణ్ణి." ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, చాలాసేపటికి మింగాడు. "ఉప్పు లేదిందులో."

ఆమె ఉప్పు తేవడానికి లేచింది. వంటింట్లో అల్మరా తలుపు పట్టుకుని కాసేపు అలాగే ఏడ్చి, మొహం కడుక్కుని ఉప్పు తీసుకెళ్లింది.

ఏప్రిల్లో ఒక శనివారం స్కెల్బీలోనే ఆట. పొద్దున్నుంచి లెనీ ఇంట్లో పచార్లు చేస్తున్నాడు. కోటు వేసుకుంటాడు, విప్పేస్తాడు. చివరికి గేనర్ గది గుమ్మంలో నిలబడి, "వెళ్తున్నా," అన్నాడు. కదల్లేదు. "నువ్వూ రాకూడదూ?"

ఇద్దరూ ముఠా ఎప్పుడూ వెళ్లే గేటు వైపు వెళ్లలేదు. పిల్లల్ని భుజాలకెత్తుకున్న తండ్రులు, ఫ్లాస్కులు పట్టుకున్న ముసలాళ్లు వెళ్లే తూర్పు గేటులోంచి వెళ్లారు. టికెట్ల వరసలో ఉండగా రోడ్డవతలినుంచి రాయిస్ మనుషులు నలుగురైదుగురు వాళ్లని గుర్తుపట్టారు. ఒకడు గొంతు కోస్తానన్నట్టు మెడకి అడ్డంగా వేలితో గీసి చూపించాడు. లెనీ చెయ్యి గేనర్ మోచేతిని పట్టుకుంది. పట్టు నొప్పి పుట్టేంతగా ఉంది. ఆమె విడిపించుకోలేదు. వరస కదిలింది. వాళ్లూ కదిలారు. ఆ నలుగురైదుగురూ రోడ్డు దాటలేదు. ఇవాళ దాటలేదు, అంతే. రేపటి సంగతి ఇద్దరికీ తెలియదు.

లోపల లెనీ గోడకి వీపు ఆనించి నిలబడ్డాడు, వెనకనుంచి ఎవరూ రాకుండా. తొంభై నిమిషాలూ వాడి కళ్లు అవతలి కొసలో అరుస్తున్న గుంపు మీదే ఉన్నాయి. ఈల మోగి జనం బయటికి కదులుతుంటే, నిద్రలేచినవాడిలా గేనర్ వైపు తిరిగాడు.

"ఎంతకెంత?"

"ఒకటి ఒకటి," అంది గేనర్. "మన గోలు ఆఖర్లో పడింది. తలతో కొట్టాడు."

"ఎవరు?"

ఆమెకీ తెలియదు. పక్కన నిలబడ్డ ముసలాయన్ని అడిగింది. ఆయన పేరు చెప్పి, ఆ గోలు ఎలా పడిందో చేతులతో చూపించడం మొదలుపెట్టాడు. జనం పలచబడేదాకా ఇద్దరూ అక్కడే నిలబడి విన్నారు.